గెర్నికాకి ఏ ట్యాగు పెట్టాలి? స్పెయిన్ సాంస్కృతిక చరిత్రను ట్యాగులతో సర్దుకోవడం ఎలా

మీ ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరు ఉంది. కోర్దోబా మసీదు ఫొటోలు, చిత్రకారుడు గోయా ప్రింట్ల స్కాన్లు, కవి లోర్కా నాటక బృందం మీద దించుకున్న పీడీఎఫ్‌లు, ఫ్లమెంకో పాటల రికార్డింగుల లింకులు, స్పెయిన్ జాతీయ గ్రంథాలయం వాళ్ల డిజిటల్ విభాగంలో దొరికిన పాత పత్రికల పేజీలు. స్పానిష్ క్లాసులో సరదాగా మొదలైందో, ఎం.ఏ. డిసర్టేషన్ కోసం మొదలైందో, మొత్తానికి రెండొందలు దాటాయి. ఇప్పుడు వీటన్నిటినీ నలుగురూ చూసేలా ఒక సైటుగా పెట్టాలని మీకు ఉంది. ఎవరో "ట్యాగులు పెట్టేయ్, అవే సర్దుకుంటాయి" అన్నారు.

సర్దుకోవు. నేను ఒకసారి అలాగే చేసి చేతులు కాల్చుకున్నాను. ఐటెమ్ ఎక్కించినప్పుడల్లా మనసుకి తోచిన ట్యాగులన్నీ కొట్టుకుంటూ పోయాను. పికాసో యుద్ధ చిత్రం 'గెర్నికా' ఒక్కదానికే పద్నాలుగు: పికాసో, 1937, పెయింటింగ్, నలుపు తెలుపు, గుర్రం, ఎద్దు, యుద్ధం, శాంతి, క్యూబిజం, ఇంకా ఏవేవో. నెల తిరిగేసరికి ఐటెమ్‌ల కంటే ట్యాగులు ఎక్కువయ్యాయి. 'గుర్రం' మీద నొక్కితే ఒకే ఒక్క ఐటెమ్ వచ్చేది, నేను ఎక్కడి నుంచి నొక్కానో అదే. 'యుద్ధం' మీద నొక్కితే సగం ప్రాజెక్టు కుప్పగా వచ్చి మీద పడేది. రెండోసారి అన్నీ తుడిచేసి మొదటి నుంచి చేశాను. ఆ రెండోసారి పద్ధతే ఇది.

1. మొదటి ముప్పై ఐటెమ్‌లకు అసలు ట్యాగే పెట్టకండి

తర్వాత ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ వాడబోతున్నా ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో ఐటెమ్‌కి ఒక వరస. వరస నంబరు, పేరు, రకం (చిత్రం, కట్టడం, ఉత్తరం, పాట, పత్రిక పేజీ), ఎవరు చేశారు, ఎప్పుడు, ఎక్కడ, ఇప్పుడు ఎక్కడుంది, మీకు ఎక్కడ దొరికింది, హక్కులు ఎవరివి. ఈ కాలమ్‌లు చాలు. హక్కుల కాలమ్‌ని తర్వాత చూద్దాంలే అని వదిలేయకండి. గోయా 1828లో పోయాడు కాబట్టి ఆయన ప్రింట్లతో బెడద లేదు. పికాసో పోయింది 1973లో, ఆయన బొమ్మల మీద హక్కులు ఇంకా నడుస్తున్నాయి. గెర్నికా బొమ్మను మీ సైట్లో నేరుగా పెట్టే ముందు ఈ సంగతి చూసుకోవాల్సిందే.

చివర్లో ఇంకో కాలమ్ పెట్టండి: 'ఇది ఎందుకు తీసుకున్నాను'. రెండు వాక్యాలు, మామూలు మాటల్లో. "అందంగా ఉంది" అని రాయాలనిపిస్తే అదే రాయండి, తప్పేం లేదు. ట్యాగులు పుట్టేది ఈ కాలమ్‌లోంచే. ఇది ఖాళీగా ఉంటే ట్యాగులు ఆకాశంలోంచి ఊడిపడాలి, అలా పడినవే 'గుర్రం', 'శాంతి'.

2. ట్యాగు కానివాటిని ముందే ఏరేయండి

ఏడాది, ఊరు, మనిషి పేరు, వస్తువు రకం, శైలి. వీటిలో ఏదీ ట్యాగు కాదు. వీటికి కాలమ్‌లు ఉన్నాయి, ఫిల్టర్ కొడితే వచ్చేస్తాయి. 'పికాసో' అని కాలమ్‌లో ఒకసారి, ట్యాగులో ఒకసారి రాస్తే, ఏదో ఒక రోజు ఒకచోట దిద్ది ఇంకోచోట మర్చిపోతారు.

ఏడాదిని ట్యాగు చెయ్యొద్దనడానికి ఇంకో కారణం ఉంది. గోయా వేసిన 'మే 3, 1808' చిత్రాన్నే తీసుకోండి. నెపోలియన్ సైనికులు మాడ్రిడ్ జనాన్ని నిలబెట్టి కాల్చింది 1808లో. గోయా ఆ బొమ్మ వేసింది 1814లో. అదే యుద్ధం మీద ఆయన చెక్కిన 'యుద్ధ బీభత్సాలు' ప్రింట్ల సంపుటం అచ్చయి బయటికొచ్చింది 1863లో, అప్పటికి గోయా పోయి 35 ఏళ్లు. '1808' అని ట్యాగు పెడితే ఈ రెండింటిలో దేనికి వర్తిస్తుంది? అందుకే 'ఎప్పుడు' అనే కాలమ్‌ని మూడు ముక్కలు చేసుకోండి: ఎప్పటి సంగతి, ఎప్పుడు చేశారు, ఎప్పుడు జనం ముందుకొచ్చింది. మూడో కాలమ్ చాలామంది పెట్టరు. సెన్సార్ ఉన్న దేశం చరిత్ర రాస్తున్నప్పుడు నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. రెండో కాలమ్‌కీ మూడో కాలమ్‌కీ మధ్య పెద్ద దూరం కనిపించిన చోటల్లా వెనక ఏదో కథ ఉంటుంది.

3. 'ఎందుకు తీసుకున్నాను' కాలమ్‌ని పైనుంచి కిందికి ఒకేసారి చదవండి

ముప్పై ఐటెమ్‌లు అయ్యాక ఆ ఒక్క కాలమ్‌ని ప్రింట్ తీసి, పెన్ను పట్టుకుని కూర్చోండి. మళ్లీ మళ్లీ వస్తున్న సంగతుల కింద గీతలు గీయండి. నా కాగితంలో ఏం కనిపించిందో చెప్తాను.

1492 మార్చి 31న యూదుల్ని వెళ్లిపొమ్మన్న రాజాజ్ఞ పక్కన "ఊరు వదిలి వెళ్లినా భాష వదల్లేదు" అని రాసుకున్నాను. ఆ యూదుల వంశాలు లాదీనో అనే పాత స్పానిష్‌ని మధ్యధరా దాటించి శతాబ్దాలు బతికించుకున్నాయి. 1609 నుంచి 1614 దాకా మొరిస్కోల్ని, అంటే మతం మార్చుకున్న ముస్లింల సంతతిని, ఓడలెక్కించి పంపేసిన ఘటన పక్కన "క్రైస్తవులైనా ఉండనివ్వలేదు" అని ఉంది. గోయా ముసలితనంలో ఫ్రాన్స్‌లోని బోర్దోకి వెళ్లి అక్కడే పోయాడు. కవి ఆంతోనియో మచాదో 1939లో రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో సేనల్నించి తప్పించుకుని సరిహద్దు దాటి, నెల తిరక్కముందే ఫిబ్రవరి 22న కొలియూర్ అనే ఫ్రెంచి ఊళ్లో కన్నుమూశాడు. నాలుగూ నాలుగు వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నాయి నా దగ్గర: మధ్యయుగం, హాప్స్‌బర్గ్ రాజుల కాలం, చిత్రకళ, కవిత్వం. కాగితం మీద మాత్రం నాలుగింటి కింద ఒకే గీత పడింది.

ట్యాగు అంటే అదీ. నాలుగొందల ఏళ్ల ఎడం ఉన్న సంగతుల్ని ఒక ప్రశ్న దగ్గరకు చేర్చేది. "ఈ దేశం ఎవరిని బయటికి పంపింది, వాళ్లు వెంట ఏం తీసుకెళ్లారు?" ఈ ప్రశ్నకి జవాబు ఇచ్చే కాలమ్ స్ప్రెడ్‌షీట్లో లేదు. అందుకే ట్యాగు కావాల్సొచ్చింది.

కొత్త ట్యాగు పెట్టాలనిపించినప్పుడల్లా నేను ఒక పరీక్ష పెట్టుకుంటాను. దీని కింద రెండు వేర్వేరు శతాబ్దాలు గానీ, రెండు వేర్వేరు రకాల వస్తువులు గానీ వస్తాయా? ఒక కట్టడమూ ఒక పాటా పక్కపక్కన నిలబడతాయా? రాకపోతే అది ఫిల్టర్ చేసే పనే. 'ఫ్లమెంకో' ఈ పరీక్షలో పోయింది, అది 'రకం' కాలమ్‌లోకి వెళ్లింది. 'సంప్రదాయాన్ని కాపాడే తాపత్రయం' నిలబడింది. దాని కిందికి మొదట వచ్చింది 1922 జూన్‌లో గ్రనాడా అల్హాంబ్రా కోటలో జరిగిన కాంతే హోందో (ఫ్లమెంకోలో పాత తరహా 'లోతైన పాట') పోటీ. సంగీతకర్త మాన్యుయెల్ ద ఫయ్యా, అప్పటికి ఇరవై నాలుగేళ్లు నిండిన లోర్కా, వాళ్ల మిత్రులు కలిసి పెట్టారు. పాత పాట కచేరీ హాళ్లలో పడి చెడిపోతోందని వాళ్ల బాధ, అందుకే వృత్తి గాయకుల్ని పోటీకి రానివ్వలేదు. బహుమతులు ఎవరికొచ్చాయనుకున్నారు? 'ఎల్ తెనాసాస్' అనే ఒక ముసలాయనకీ, ఇంకా పసివాడైన మనోలో కరకోల్‌కీ. ఆ పిల్లాడు పెద్దయ్యాక పేరు మోసిన వృత్తి గాయకుడయ్యాడు. యునెస్కో 2010లో ఫ్లమెంకోని తన జాబితాలో చేర్చినప్పటి కాగితాలు కూడా ఈ ట్యాగు కిందికే వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, కాపాడతామన్నవాళ్లు ఎవరి నుంచి కాపాడతామన్నారో కనిపిస్తుంది.

4. తెలుగు మాట ఎంచుకునేటప్పుడు జాగ్రత్త

తెలుగులో ప్రాజెక్టు చేసేవాళ్లకు చిక్కొచ్చి పడేది ఇక్కడే. ఇంగ్లిష్‌లోనో స్పానిష్‌లోనో దొరికే ట్యాగుల జాబితాని తెచ్చి తెలుగు చేసేస్తే కుదరదు.

పైన చెప్పిన ట్యాగుకి నేను మొదట పెట్టిన పేరు 'ప్రవాసం'. పుస్తకాల్లో వాడే మాటే. ఒక స్నేహితురాలికి చూపిస్తే "స్పెయిన్ ఎన్నారైల గురించా?" అంది. నిజమే. ప్రవాసాంధ్రులు అన్నప్పుడు మన కళ్ల ముందు మెదిలేది న్యూజెర్సీ, దుబాయ్. ప్రాణభయంతో కొండలు దాటిన కవి కాదు. 'బహిష్కరణ' అందామంటే మచాదోని ఎవరూ ఆజ్ఞ ఇచ్చి వెళ్లగొట్టలేదు. చివరికి 'దేశం విడిచిపోవాల్సిరావడం' అని పెట్టాను. పొడుగ్గా ఉంది, ఫోన్లో రెండు వరసలు పడుతుంది. పడనివ్వండి.

'వలస' ఇంకా పెద్ద బోను. మనకి పాలమూరు వలసా వలసే, బ్రిటిష్ వలస పాలనా వలసే. స్పెయిన్ చరిత్రలో రెండూ ఉన్నాయి. 1960లో పశ్చిమ జర్మనీతో ఒప్పందం కుదిరాక ఫ్యాక్టరీ పనులకు వెళ్లిన స్పెయిన్ కూలీలు ఒక వలస. మెక్సికో, పెరూల మీద రాజ్యం చేసింది ఇంకో వలస. సెవిల్లేలో 1785లో పెట్టిన ఇండీస్ ఆర్కైవ్ నుంచి ఒక మ్యాపు, మ్యూనిక్ రైలెక్కుతున్న కూలీ ఫొటో ఒకే ట్యాగు కింద కనబడితే చదివేవాడు బుర్ర గోక్కుంటాడు. కాబట్టి 'పనికోసం వలస' ఒకటి, 'వలస రాజ్యం' ఒకటి. ఒంటి 'వలస'ని నిషేధించాను.

ఏకవచనమా బహువచనమా అన్నది కూడా మొదటి రోజే తేల్చుకోండి. 'జాతర', 'జాతరలు' రెండూ ఉంటే రెండు ట్యాగులే. రొసీయో యాత్రకి 'జాతర' అనడం నాకిష్టం, బళ్లు కట్టుకుని, పాడుకుంటూ, దుమ్ములో రోజుల తరబడి నడిచి అమ్మవారి గుడికి పోయేదాన్ని ఇంకేమంటాం?

5. ఒక్కో ట్యాగుకి నాలుగు వాక్యాలు రాయండి

స్ప్రెడ్‌షీట్లో రెండో పేజీ తెరవండి. ట్యాగు పేరు, దీని కిందికి ఏం వస్తుంది, ఏం రాదు, సందేహం కలిగించిన ఒక ఉదాహరణ. ఇది బోర్ కొట్టే పని. ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తున్న ప్రాజెక్టయితే తప్పించుకోలేని పని.

'దేశం విడిచిపోవాల్సిరావడం' కింద నా దగ్గర ఉన్నది ఇది:

"రాజ్యం గానీ, యుద్ధం గానీ, ప్రాణభయం గానీ తరిమితే స్పెయిన్ వదిలిన మనుషులు, వాళ్లు వెంట తీసుకెళ్లినవి, అక్కడ చేసినవి. వస్తువులకు కూడా వర్తిస్తుంది. కూటి కోసం వెళ్లినవాళ్లు రారు, వాళ్లకి 'పనికోసం వలస'. మత ప్రచారానికో సేవకో ఇష్టపడి వెళ్లినవాళ్లు రారు. సందేహం: విసెంతే ఫెర్రర్."

అవును, మన అనంతపురం ఫెర్రరే. 1920లో బార్సిలోనాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో (1936-39) ఫ్రాంకోకి ఎదురు నిలిచిన రిపబ్లిక్ తరఫున సైన్యంలో ఉన్నాడు, ఆ పక్షం ఓడిపోయింది. తర్వాత జెస్యూట్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘం తరఫున 1952లో ఇండియా వచ్చాడు, 1969లో అనంతపురం చేరాడు, 2009లో అక్కడే పోయాడు. బార్సిలోనావాడు, ఓడిన పక్షం వాడు, విదేశంలో పోయాడు. పైపైన చూస్తే ట్యాగు అతికినట్టే ఉంది. కానీ ఆయన్ని స్పెయిన్ తరమలేదు, ఆయనే బయలుదేరాడు. నిర్వచనం రాసి ఉండబట్టి రెండు నిమిషాల్లో తేలింది. లేకపోతే మనవాడన్న అభిమానంతో ఎక్కడో ఒకచోట ఇరికించేసేదాన్ని.

వస్తువులకు కూడా అని ఎందుకు రాశానంటే, ప్రాదో మ్యూజియం బొమ్మల కోసం. అంతర్యుద్ధంలో వాటిని మాడ్రిడ్ నుంచి వాలెన్సియాకి, అక్కణ్నించి కాతలోనియాకి, చివరికి 1939 ఫిబ్రవరిలో లారీల మీద సరిహద్దు దాటించి జెనీవాకి చేర్చారు. మచాదో సరిహద్దు దాటిన శీతాకాలమే అది.

6. పక్షం ఉన్న మాటల్ని ట్యాగు చెయ్యకండి

స్పెయిన్ చరిత్రలో కొన్ని మాటలు చూడ్డానికి మామూలుగా ఉంటాయి, లోపల వాదం ఉంటుంది. 'రికాంకిస్తా', అంటే తిరిగి గెలవడం. 711లో ముస్లిం సేనలు దిగినప్పటి నుంచి 1492లో చివరి ముస్లిం రాజ్యం గ్రనాడా పడేదాకా జరిగినదంతా పోయిన సొత్తుని వెనక్కి తెచ్చుకోవడమే అని ఆ ఒక్క మాట తీర్పు చెప్పేస్తుంది. దాని ఎదురు మాట 'కోన్వివెన్సియా', కలిసి బతకడం. మూడు మతాలవాళ్లు హాయిగా కలిసున్నారన్న తీపి బొమ్మ. 20వ శతాబ్దంలో చరిత్రకారుడు ఆమెరికో కాస్త్రో ఆ మాటని చరిత్ర చర్చలోకి తెచ్చాక దాని మీద వాదన ఆగలేదు. రెండింట్లో ఏది ట్యాగు చేసినా మీరు ఒక పక్షం తీసుకున్నట్టే. వాటిని ఐటెమ్ వివరణలో, ఎవరన్నారో చెప్పి వాడండి. ట్యాగు మాత్రం కంటికి కనబడే దాని మీద పెట్టండి.

కోర్దోబా మసీదుతో నేను పడ్డ అవస్థ చెప్తాను. 8వ శతాబ్దం చివర్లో ముస్లిం పాలకుడు మొదటి అబ్దుల్ రహ్మాన్ కట్టించడం మొదలుపెట్టాడు, రెండొందల ఏళ్లపాటు పెంచుకుంటూ పోయారు. 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాందో ఊరిని గెలిచాక చర్చి అయింది. 1523లో ఆ స్తంభాల అడవి నడిమధ్యలో కతీద్రల్ (పెద్ద చర్చి) కట్టడం మొదలైంది. 1984లో యునెస్కో జాబితాకెక్కినప్పుడు మసీదు పేరుతోనే ఎక్కింది. దాన్ని నడిపే చర్చి వాళ్లు మసీదు-కతీద్రల్ అంటారు. ఏ పేరు ముందు రావాలన్నది అక్కడ ఇప్పటికీ వేడి పుట్టించే సంగతి. 'ఇస్లామిక్ కట్టడాలు' అని ట్యాగు పెడితే సగం, 'చర్చిలు' అంటే ఇంకో సగం పోతుంది. రెండూ పెడితే అసలు విషయమే పోతుంది.

నేను పెట్టింది 'చేతులు మారిన కట్టడాలు'. పెట్టగానే సెవిల్లేలో మీనారు నుంచి గంట గోపురమైన హిరాల్దా వచ్చి చేరింది. 12వ శతాబ్దపు ఇటుక పని, దాని నెత్తిన 16వ శతాబ్దపు గంటల మేడ. తొలేదోలో యూదుల ప్రార్థనా మందిరంగా పుట్టి చర్చిగా మారిన సాంతా మరియా లా బ్లాంకా వచ్చింది. అల్హాంబ్రా లోపల రాజు ఐదో చార్లెస్ 1527లో మొదలుపెట్టించిన రాజమందిరం వచ్చింది. గెలిచినవాళ్లు కూల్చకుండా లోపల దూరారే, ఎందుకు? నేను అడగాలనుకున్న ప్రశ్న అదేనని ట్యాగు పెట్టాకే తెలిసింది.

7. అక్షరాలు, కనిపించని అక్షరాలు

స్పానిష్ పేర్లు తెలుగులో రాయడం నిజానికి ఇంగ్లిష్‌లో కంటే సులువు. మనకి త, ద ఉన్నాయి, వాళ్లు పలికేవీ అవే. 'టొలెడో' అక్కర్లేదు, తొలేదో అంటే చాలు. కానీ మాడ్రిడ్, బార్సిలోనా, సెవిల్లే పేపర్లలో ఏళ్లుగా అలాగే వస్తున్నాయి కాబట్టి వాటిని కదిలించకండి. పండితుడి టెన్షన్ పాఠకుడికి పెట్టకూడదు. ఏది ఎంచుకున్నా ఒక పేజీలో రాసి పెట్టుకోండి: గెర్నికా, గ్వెర్నికా కాదు, గుయెర్నికా అంతకంటే కాదు.

మనుషులకీ ఊళ్లకీ వికీపీడియా వాళ్ల డేటా జాబితా వికీడేటాలో ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. దాన్ని పక్క కాలమ్‌లో వేసుకుంటే స్పెల్లింగు గొడవ సగం తీరిపోతుంది. బాస్క్‌లో దొనోస్తియా, స్పానిష్‌లో సాన్ సెబాస్తియాన్, నంబరు ఒక్కటే.

ఇప్పుడు అసలు తలనొప్పి. 'రిపబ్లిక్' అనే ట్యాగు నా జాబితాలో రెండుసార్లు కనబడేది. అక్షరం అక్షరం పోల్చాను, తేడా లేదు. ఒకటి తీసేస్తే సగం ఐటెమ్‌లు పోయేవి. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది. 'రిపబ్లిక్‌లో' అన్న మాటని కాపీ చేసి 'లో' తీసేశాను. క్ కీ లో కీ మధ్య, రెండూ అతుక్కోకుండా కీబోర్డు ఒక కనిపించని అక్షరం పెడుతుంది. 'లో' పోయినా అది తోకలా మిగిలిపోయింది. మనకి ఒకటే మాట, కంప్యూటర్‌కి రెండు. తెలుగులో ట్యాగులు పెట్టే ప్రతి ఒక్కరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. మందు: ట్యాగుని ఎప్పుడూ చేత్తో టైపు చెయ్యకండి, ఎక్కణ్నించీ కాపీ చెయ్యకండి. స్ప్రెడ్‌షీట్లో డ్రాప్‌డౌన్ పెట్టుకుని అందులోంచే ఎంచుకోండి. ఇప్పటికే చెడిపోయి ఉంటే మాటల పొడవు లెక్కించే ఫార్ములా వేయండి, కంటికి ఒకేలా ఉన్నవాటి పొడవులో తేడా వస్తే దొంగ దొరికినట్టే.

8. టూల్స్ గురించి కొంచెం

దీని మీద జనం కొట్టుకున్నంత అవసరం లేదు. చదివిన పుస్తకాలు, వ్యాసాలు పెట్టుకోవడానికి జొటేరో. అందులో తొమ్మిది దాకా ట్యాగులకు రంగులిచ్చి అంకె నొక్కితే తగిలేలా చేసుకోవచ్చు. ఒక హెచ్చరిక: గ్రంథాలయాల క్యాటలాగుల నుంచి పుస్తకం దించుకుంటే వాళ్ల విషయ శీర్షికలన్నీ ట్యాగులుగా వచ్చి చేరతాయి. సెట్టింగ్స్‌లో ఆ ఆటోమేటిక్ ట్యాగుల్ని ఆపేయండి. ఆర్కైవ్‌లో ఫోన్‌తో తీసిన ఫొటోలకు ట్రోపీ బాగుంటుంది. సైటుగా పెట్టడానికి ఒమేకా. ట్యాగుల్ని అది మామూలుగా కామాలతో విడదీస్తుంది కాబట్టి ట్యాగు పేరులో కామా రానివ్వకండి. పాత గజిబిజి జాబితా ఉంటే ఓపెన్‌రిఫైన్‌లో వేయండి, దగ్గరి దగ్గరి స్పెల్లింగుల్ని గుంపులు కట్టి చూపిస్తుంది. అన్నీ ఉచితమే.

9. ఇప్పుడు గెర్నికాని మళ్లీ తీయండి

పద్నాలుగు ట్యాగులు తుడిచేశాం కదా. కాలమ్‌లు నింపితే ఇలా వస్తుంది. ఎప్పటి సంగతి: 1937 ఏప్రిల్ 26, సోమవారం, ఫ్రాంకో తరఫున జర్మన్, ఇటాలియన్ విమానాలు బాస్క్ ఊరు గెర్నికా మీద బాంబులు వేసిన రోజు. ఎప్పుడు చేశారు: అదే ఏడాది మే, జూన్. ఎక్కడ: పారిస్. జనం ముందుకొచ్చింది: ఆ ఏడాదే పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో, స్పెయిన్ రిపబ్లిక్ మంటపంలో. ఇప్పుడు ఎక్కడుంది: మాడ్రిడ్, రెయినా సోఫియా మ్యూజియం, 1992 నుంచి. శైలి, కొలత (ఎత్తు సుమారు మూడున్నర మీటర్లు, పొడవు ఏడు మీటర్ల డెబ్భై ఏడు సెంటీమీటర్లు) వాటి వాటి కాలమ్‌లలోకి.

ఇక ట్యాగులు. 'మామూలు జనం మీద యుద్ధం' మొదటిది. ఇది గోయా 1814 బొమ్మ దగ్గరకు తీసుకెళ్తుంది. ఎదురుగా తుపాకులు, చేతులు పైకెత్తిన మనిషి, పైనుంచి బాంబులు, చేతులు పైకెత్తిన మనిషి. ఫోల్డర్లలో ఒకటి 19వ శతాబ్దంలో, ఇంకోటి 20వ శతాబ్దంలో ఉన్నంతకాలం ఈ పోలిక మీ సైట్లో ఎవరికీ తగలదు.

రెండోది 'దేశం విడిచిపోవాల్సిరావడం'. ఈ బొమ్మ స్పెయిన్‌లో పుట్టలేదు, అయినా పడుతుంది, వస్తువులకు కూడా అని రాసుకున్నాం. స్పెయిన్‌లో స్వేచ్ఛ తిరిగొచ్చేదాకా పంపొద్దని పికాసో పట్టుబట్టాడు. దశాబ్దాలు న్యూయార్క్‌లోనే ఉంది. 1975లో ఫ్రాంకో పోయాక, 1981 సెప్టెంబరులో మాడ్రిడ్ చేరింది.

మూడోది 'ఎవరి సొత్తు?'. గెర్నికా బాస్క్ ఊరు, బొమ్మ మాడ్రిడ్‌లో ఉంది. బిల్బావోలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచిన 1997లో బాస్క్ వాళ్లు ఆ బొమ్మని తమకివ్వమని అడిగారు, మాడ్రిడ్ ఒప్పుకోలేదు. ఇదే ట్యాగు కింద నా దగ్గర అంతర్యుద్ధంలో కాతలోనియా నుంచి సలమాంకాకి తరలించుకుపోయిన దస్తావేజులున్నాయి. వాటిని వెనక్కివ్వడానికి 2005లో చట్టం చేయాల్సొచ్చింది.

మూడే. 'శాంతి' పెట్టలేదు. అది బొమ్మ చూశాక మనకి కలిగే కోరిక, పాఠకుణ్ని ఇంకో ఐటెమ్ దగ్గరకు తీసుకెళ్లదు. ఒక ఐటెమ్‌కి రెండు నుంచి నాలుగు ట్యాగులు. ఐదోది పెట్టాలనిపిస్తే మిగతా నాలుగింట్లో ఒకటి తీసేయగలరేమో చూడండి.

10. వంద దాటాక ఒకసారి కోత పెట్టండి

ఐటెమ్‌లు వంద దాటినప్పుడు ట్యాగుల లెక్క తీయండి. ఒక్క ఐటెమే ఉన్న ట్యాగుని పక్కదాంట్లో కలపండి. మూడోవంతు ఐటెమ్‌లు ఒకే ట్యాగు కింద ఉంటే దాన్ని చీల్చండి. నా 'యుద్ధం' అలాగే మూడు ముక్కలైంది. మొత్తం ట్యాగులు ముప్పై లోపు ఉంటే చేతిలో ఉన్నట్టు. పాత పేరు తీసేసినప్పుడు నిర్వచనాల పేజీలో దాన్ని చెరపకండి, "దీనికి బదులు ఫలానాది చూడండి" అని ఉంచండి. ఆరు నెలల తర్వాత మీరే వెతుక్కుంటారు.

ఈ లెక్క తీసినప్పుడే నాకు ఒక పొరపాటు బయటపడింది. సమూహాల పేర్లకి కాలమ్ లేదు కాబట్టి 'గితానోలు' అని ఒక ట్యాగు పెట్టుకున్నాను. స్పెయిన్‌లోని రోమా జనం తమని తాము పిలుచుకునే పేరు అదే, 'జిప్సీలు' అనలేదు. దాని మీద నొక్కి చూస్తే పాటలు, నాట్యాలు, గిటార్లు. ఒక్కటి కూడా వేరే లేదు. దాదాపు ఆరొందల ఏళ్లుగా ఆ దేశంలో ఉన్నవాళ్లు నా ప్రాజెక్టులో పాడటం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. అలా ఎంచింది నేనే. అప్పుడు వెతికితే 1749 జులైలో రాజు ఆరో ఫెర్నాందో హయాంలో దేశమంతటా గితానోల్ని ఒకేసారి చుట్టుముట్టి, కుటుంబాల్ని విడదీసి నిర్బంధించిన ఘటన దొరికింది. దాన్ని చేర్చాను.

ఐటెమ్‌ల వరస విషయంలో మీ సాఫ్ట్‌వేర్ మామూలుగా చివర ఎక్కించినదాన్ని ముందు చూపిస్తుంది. ట్యాగు పేజీలకు ఆ సెట్టింగు మార్చి, 'ఎప్పటి సంగతి' కాలమ్ ప్రకారం పాతది ముందు వచ్చేలా పెట్టండి. పేజీ పైన నిర్వచనంలోంచి రెండు వాక్యాలు అతికించండి. నా 'గితానోలు' పేజీ తెరిస్తే ఇప్పుడు 1749 ముందు వస్తుంది, 1922 గ్రనాడా పోటీ దాని కింద వస్తుంది.